పద్దెనిమిది సంతకాలు

'ముస్లింలై ఉండీ ఎంత చక్కటి తెలుగు రాశారండీ!' తెలుగులో రాసే ముస్లింలం, ఈ మెచ్చుకోలు వినీ వినీ విసిగిపోయాం. అనేవాళ్లలో చెడ్డవాళ్లు తక్కువ. అదే మా బాధ. ఈ మెచ్చుకోలు ఎంత పాతదో ఫిలిస్ వీట్లీ కథ చదివాక తెలిసింది.

ఆమెను 1761లో ఆఫ్రికా నుంచి తెచ్చి బోస్టన్‌లో అమ్మారు. పాలపళ్లు ఊడుతున్నాయి కాబట్టి ఏడేళ్లుంటాయని లెక్కగట్టారు. ఎక్కించి తెచ్చిన ఓడ పేరు ఫిలిస్. అదే పిల్లకీ పెట్టారు. కొనుక్కున్నవాళ్ల ఇంట్లోనే ఇంగ్లీషు, బైబిలు, లాటిను నేర్చుకుంది. అలెగ్జాండర్ పోప్ ద్విపదల నడక పట్టుకుని పద్యాలు రాసింది. బానిసపిల్ల రాసిందంటే నమ్మేదెవరు? 1773లో లండన్‌లో పుస్తకం అచ్చయినప్పుడు, ఇవి ఈమె రాసినవేనని పద్దెనిమిది మంది బోస్టన్ పెద్దమనుషులు సంతకాలు చేసిన పత్రం అందులో చేర్చాల్సి వచ్చింది. వాళ్లలో గవర్నరూ ఉన్నాడు. ఇంతమంది పూచీ పడ్డా జెఫర్సన్ ఆమెను కవిగా ఒప్పుకోలేదు. విమర్శించడానికి కూడా తగవని ఆ రచనల్ని తీసిపారేశాడు. ఇక్కడితో అయిపోతే బావుండేది. 1960ల్లో నల్లజాతి విమర్శకులే కొందరు ఆమె తెల్లవాళ్ల ఛందస్సుకు లొంగిపోయిందన్నారు. అటూ పరాయిదే, ఇటూ పరాయిదే. ఉర్దూలో రాయక తెలుగెందుకని మా వాళ్లు మమ్మల్ని అడిగినట్టే.

లాంగ్‌స్టన్ హ్యూజ్ ఈ ముడిని ఇంకోలా విప్పాడు. తనను 'నీగ్రో కవి' అనొద్దు, కవి అంటే చాలన్న ఒక యువకుడి మాటని 1926 నాటి వ్యాసంలో పట్టుకుని, దాని అడుగున తెల్లవాడిగా మారాలన్న కోరిక ఉందన్నాడు. అదే ఏడు 'ది వెయరీ బ్లూస్' వచ్చింది. నల్లవాళ్ల బ్లూస్ పాటల్ని కవిత్వంలోకి తెచ్చుకున్నాడు. అలాగని విట్మన్‌ని వదిలేయలేదు. విట్మన్‌కి జవాబు చెప్పే కవితా అందులోనే ఉంది. జవాబు చెప్పడమంటే వారసత్వంలో వాటా అడగడమే కదా.

మాకూ అలాంటి వాటా ఉంది. పిఠాపురం ఉమర్ ఆలీషా పారశీకపు ఉమర్ ఖయ్యాంని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పీర్ల పండగకి అలావా చుట్టూ తిరుగుతూ హసన్ హుసేన్‌ల కోసం ఏడ్చే పాటలు మా ఊళ్లలో తెలుగు పాటలే. ముస్లింలూ, ముస్లింలు కానివాళ్లూ కలిసే పాడతారు. దూదేకుల ఇళ్లలోనైతే అమ్మ జోలపాట కూడా తెలుగే.

ఉర్దూ సంగతి వేరు. దాదాజాన్ రాసిన ఉత్తరాలు పెట్టెలో ఉన్నాయి. చదవడం మా పిల్లలకి రాదు.