దారం, మైదా జిగురు, ఎండాకాలం సెలవులు

ఏప్రిల్ 24, 2025, గురువారం. ఇబ్రహీంపట్నం

నిన్నటితో బడి అయిపోయింది. పిల్లలు తరగతి గదుల్లో వదిలేసి పోయిన నోటుబుక్కులు సంచుల్లో వేసుకొని ఇంటికి తెచ్చాను. మొదట్లో ఎర్రసిరా గీతలతో, ముత్యాల్లాంటి అక్షరాలతో మొదలై, సంక్రాంతి దాటేసరికి ఖాళీ అయిపోయిన సాంఘికశాస్త్రాలు, హిందీ కాపీలు. పిన్నులు ఊడదీసి తెల్లకాగితాలు వేరుచేయడానికి మధ్యాహ్నమంతా పట్టింది.

మా చిన్నప్పుడు ఇది ప్రతి ఇంట్లో ఉండే పనే. మిగిలిన కాగితాలను అమ్మ దబ్బనంతో మూడు పోట్లు పొడిచి కుట్టి, పాత క్యాలెండరుతో అట్ట వేసేది. పైయేటి లెక్కలన్నీ దాంట్లోనే. అలా పక్కన కుట్టిన పుస్తకంలో ఒక చిక్కు ఉంది: లోపలి అంచు దగ్గర రాసింది కుట్టులోకి పోతుంది, పుస్తకం పూర్తిగా తెరుచుకోదు. మడత మధ్యలోంచి కుడితే ఆ బాధ లేదు. అందుకు జంట విడిపోని కాగితాలు కావాలి. ఒక సగం రాసి, ఒక సగం తెల్లగా ఉన్నవి ఒంటివైపోతాయి. వాటికి వేలెడు వెడల్పు పట్టీ అతికించి, ఆ పట్టీని మడిచి కుట్టుకోవాలి. ఓపిక ఉన్నవాళ్ళ పని. సెలవుల్లో నాకు అది ఒక్కటే దండిగా ఉంది.

ఏప్రిల్ 27, ఆదివారం

బస్టాండు దగ్గరి చాచా బైండింగు దుకాణానికి వెళ్ళాను. ఇది ఆయనకు ఊపిరాడని కాలం. సాగర్ రోడ్డు పొడవునా ఇంజనీరింగు కాలేజీలు, అందరికీ ఒకేసారి ప్రాజెక్టు రిపోర్టులు. నల్ల రెక్సిన్ అట్టలు, మీద బంగారు అక్షరాలు. కుర్రాళ్ళు పెన్‌డ్రైవుతో వచ్చి గంటలో పుస్తకంతో పోతారు. ఆ గంటలో కుట్టుకు చోటెక్కడిది? వెన్ను కోసి, గమ్ము పూసి, అట్ట బిగించేస్తారు.

"గమ్ముతోని బుక్కు జల్దీ అయితది టీచరమ్మా. తెరిచి పెడ్తే నిలవది, మళ్ల మూస్కుంటది. అయినా ఎవరు తెరుస్తరు దాన్ని?" అన్నాడు చాచా, చేతిలో పని ఆపకుండా.

చిన్నతనంలో హైదరాబాదు ఛత్తాబజార్‌లో పని నేర్చుకున్నాడాయన. అప్పుడు ఖురాన్ జిల్దులు కట్టేవాళ్ళట. నాలుగు తావులు కలిపి మడిస్తే ఒక జుజ్, పదహారు పుటలు. జుజ్ వెంట జుజ్ పెట్టి, చివర్న కింది జుజ్‌లోకి సూది దూర్చి ముడి వేస్తూ పైకి పోవాలి. వెన్ను మీద జడలా అల్లుకుపోయే ఈ కుట్టు ఈజిప్టులో తొలినాటి క్రైస్తవులు కట్టిన పుస్తకాల్లోనూ ఉంది. ఆ మాట చెబితే చాచా ఆశ్చర్యపోలేదు. "దారం ఉన్నకాడ ముడి ఉంటది గదా" అన్నాడు. దారానికి మైనం మాత్రం మరవొద్దన్నాడు. మైనం పట్టిన దారం చిక్కుపడదు, కుట్టు జారదు.

మే 4, ఆదివారం

జిగురు రోజు. ఒక వంతు మైదా, ఆరు వంతుల నీళ్ళు. చల్లటి నీళ్ళలోనే ఉండలు లేకుండా కలిపి, సన్నటి సెగ మీద ఆపకుండా తిప్పుతూ ఉండాలి. పాలలా ఉన్నది కాసేపటికి అద్దంలా మారుతుంది, అప్పుడు దించాలి. బైండింగు దుకాణాల్లో పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేస్తారు. అది విషం. వంటగిన్నెలో ఉడికిస్తాను కాబట్టి నేను వేయను. ఏ రోజు జిగురు ఆ రోజే.

ఫెవికాల్ చేతిలో ఉండగా ఇంత తిప్పలెందుకని మా ఆయన ప్రశ్న. కారణం ఉంది. ఫెవికాల్ ఆరితే ఇక వదలదు. మైదా జిగురును ఏళ్ళ తర్వాతైనా తడిగుడ్డ వేసి నాననిస్తే మెల్లగా వదులుతుంది, కాగితం చిరగదు. పుస్తకమన్నాక ఎప్పుడో ఒకప్పుడు చినుగుతుంది, దాన్ని మళ్ళీ కట్టాల్సి వస్తుంది. ఆ కట్టేవాడికి దారి ఉంచడమే బైండింగులో సగం విద్య అని నా నమ్మకం.

జిగురు మాటకొస్తే, 1966 నవంబరు 4న ఇటలీలో ఆర్నో నది పొంగి ఫ్లోరెన్సులోని జాతీయ గ్రంథాలయాన్ని ముంచింది. బురదలోంచి తీసిన పుస్తకాలను బాగుచేయడానికి వెళ్ళినవాళ్ళలో క్రిస్టఫర్ క్లార్క్‌సన్ అనే ఇంగ్లీషాయన ఒకడు. గట్టి అట్టలతో, బోలెడు జిగురుతో బిగించిన వాటికంటే, జంతుచర్మపు మెత్తని కప్పు వేసి దాదాపు జిగురే లేకుండా కుట్టిన పాత పుస్తకాలు ఆ నీళ్ళను బాగా తట్టుకున్నాయని ఆయన గమనించాడు. తర్వాతి కాలంలో పుస్తకాలు బాగుచేసేవాళ్ళు ఆ కుట్టునే నమూనాగా తీసుకున్నారు.

మన తాళపత్రాలకైతే జిగురే లేదు. ఆకులకు బెజ్జం, అందులో తాడు, పైనా కిందా చెక్కపలకలు, ఎర్రగుడ్డ, పురుగు రాకుండా వసకొమ్ము. ఒక ఆకు పాడైతే తాడు విప్పి కొత్త ఆకు పెట్టేవాళ్ళు. మా ఊరికి పేరూ చెరువూ ఇచ్చిన ఇబ్రహీం కులీ కుతుబ్ షాకు అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం అంకితమిచ్చాడు. నాలుగున్నర శతాబ్దాల కిందటి ఆ కాలపు తెలుగు కావ్యాలు మన దాకా వచ్చింది ఇలా విప్పి కట్టుకుంటూ, తిరగరాసుకుంటూనే.

మే 6, మంగళవారం

కరెంటు లేదు. చీకట్లో ఆరు జుజ్‌లు మడిచి పొత్రం కింద పెట్టాను.

మే 18, ఆదివారం

ఈ రోజంతా రంగులాట. దక్కనులో అబ్రీ కాగితం చేసేవాళ్ళు. చిక్కటి ద్రవం మీద రంగు చుక్కలు తేలేసి, పుల్లతోనో దువ్వెనతోనో కదిపి, పైన కాగితం పరిచి ఎత్తితే ఆ అలలన్నీ కాగితానికి అంటుకుంటాయి. పదిహేడో శతాబ్దంలో బీజాపూరు చిత్రకారులు అంచులకూ అలంకారాలకూ వాడి ఊరుకోలేదు, బక్కచిక్కిన గుర్రాన్నీ దాని రౌతునూ ఈ రంగుల అలలతోనే దింపారు. ఆ బొమ్మ అచ్చులో చూసిన నాటినుంచి నాకు నిద్ర లేదు.

రాత్రి మెంతులు నానబెట్టి, పొద్దున వడగట్టి, ఆ జిగట నీళ్ళను ఇడ్లీ పిండి తీసే వెడల్పు బేసిన్‌లో పోశాను. కాగితాలకు ముందే పటిక నీళ్ళు రాసి ఆరబెట్టాలి, లేకపోతే రంగు పట్టదు. రంగు తేలడానికి పూర్వం పశువుల పిత్తం కలిపేవాళ్ళు. నేను అంట్లు తోమే ద్రవం ఒక చుక్క వేశాను. నీలం విచ్చుకుంది, కాటుక నలుపు దాని మధ్యలోకి దారి చేసుకుంది. చేత్తో గీసిన బొమ్మ మనం అనుకున్నట్టు వస్తుంది, లేదా రాదు. ఇది మాత్రం ఏది వచ్చినా చూడబుద్ధవుతుంది. ఇల్లంతా మెంతుల వాసన. ఆ నీళ్ళు పారబోయనని తెలిసి అత్తమ్మ వంటింటి తలుపు దగ్గరకు వేసింది.

మే 26, సోమవారం

రోహిణి కార్తె మొదలైంది. జిగురు రాసి కుంచె పక్కన పెట్టేలోపే అట్ట మీద ఆరిపోతోంది. అట్టకు ఒకవైపే గుడ్డ అతికిస్తే అది ఆరుతూ లాగి అట్టను విల్లులా వంచుతుంది. లోపలివైపూ కాగితం అతికిస్తేనే రెండు లాగుళ్ళు సరిపోయి అట్ట తిన్నగా నిలుస్తుంది. అందులోనూ కాగితపు పోగు నిలువుగా, వెన్నుకు సమాంతరంగా ఉండాలి.

పైన వేయడానికి దర్జీ దగ్గర మిగిలిన పోచంపల్లి ముక్కలు తెచ్చాను. నూలు బట్టలోంచి జిగురు బయటికి ఊరి మచ్చ పడుతుంది కాబట్టి ముందు పల్చటి కాగితంతో అస్తరు వేయాలి. కొన్ని పుస్తకాలకు పెళ్ళి శుభలేఖలే అట్టలు. వినాయకుడి బొమ్మ ఉందని ఎవరూ పారేయలేక అటక మీద దాచే ఆ మందపాటి కార్డులకు ఇంతకంటే మంచి గతి ఏముంది? అంచులకు పసుపు ఉంటే మరీ అందం.

ఇంకొక సరుకు మా ఊళ్ళో అడగకుండానే దొరుకుతుంది: వెంచర్ల బ్రోచర్లు. సర్కారు కడతానంటున్న ఫ్యూచర్ సిటీకి ఎన్ని నిమిషాలో చెప్పే రంగురంగుల కాగితాలు. నున్నటి పూత వల్ల మైదా జిగురు పట్టదు, ఉప్పుకాగితంతో కాస్త గరుకు చేసుకోవాలి. లేఅవుటు మ్యాపును లోపలి అట్టకు అతికించాను. ముప్పై అడుగుల రోడ్లు, పార్కు స్థలం, ఈశాన్యం మూల ప్లాటు, అన్నీ నా పుస్తకంలో ఉన్నాయి, రిజిస్ట్రేషను ఖర్చు లేకుండా.

ఒకదానికి ముందు అట్టంతా బస్సు జీరో టికెట్లే. 2023 డిసెంబరు 9న ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం మొదలైన నాటినుంచి దాచినవి. వేడికి నల్లబడే కాగితం, సిరా ఉండదు. కొన్నాళ్ళకు అక్షరాలు వాటంతటవే వెలిసిపోతాయి. వెలిసిపోనీ అనే పైన వార్నిష్ వేయలేదు.

కాగితం మీదికి ఆలోచన పోయింది. నిజాం కాలంలో కోరుట్లలో చేత్తో కాగితం చేసేవాళ్ళు. చుట్టుపక్కల పట్వారీలు లెక్కల పుస్తకాలకు దాన్నే వాడేవారని ఆనాటి గెజిటీర్ చెబుతుంది. 1942లో సిర్పూర్ మిల్లు కాగితం తీయడం మొదలుపెట్టింది. మిల్లు కాగితాన్ని తప్పుపట్టను, అది లేకపోతే మా బడిపిల్లలకు నోటుబుక్కులే లేవు. కానీ కోరుట్ల కాగితం ఒక్క తావు చేతికి దొరికితే దాని మీద ఏమీ రాయను, ఊరికే మడిచి చూసుకుంటాను.

జూన్ 8, ఆదివారం

మృగశిర. ఊరంతా చేపల వాసన. చాచాకు రెండు పుస్తకాలు చూపించడానికి తీసుకెళ్ళాను. మొదట వెన్ను మీద వేలు పెట్టి నడిపాడు. మధ్యలో తెరిచి బల్ల మీద పెట్టి చెయ్యి తీశాడు. మూసుకోలేదు. తలూపాడు. తర్వాత పోచంపల్లి అట్ట చూసి, "కుట్టు మంచిగుంది. అట్టనే పెండ్లిపిల్ల లెక్కుంది. దీంట్ల ఎవరు రాస్తరు టీచరమ్మా?"

నిజమే. చేత్తో చేసిన పుస్తకాల దుకాణాల్లో నేను చూసేది కూడా ఇదే. ముద్దొచ్చే అట్టలు, బహుమతిగా ఇచ్చుకొని బీరువాలో పెట్టుకునేవి. రాయని పుస్తకం మీద నాకు గౌరవం లేదు. ఇంటికొచ్చి పోచంపల్లి దాని మొదటి పుటలో పాల లెక్క మొదలుపెట్టాను. అబ్రీ కాగితం పక్కన అర లీటరు, అర లీటరు అని పడుతూ ఉంటే చాలా బాగుంది.

జూన్ 13, శుక్రవారం

నిన్న బడి తెరిచారు. ఏడో తరగతికి సెలవుల్లో కుట్టినవి పంచాను. పోట్లాట శుభలేఖల అట్టల కోసం అవుతుందనుకున్నాను, లేఅవుటు మ్యాపు ఉన్న వాటికోసం అయ్యింది. ఒకడు అప్పుడే ప్లాటు నంబరు వేసి తన పేరు రాసుకున్నాడు.

ఈ రోజు వెనక బెంచీ పిల్ల ఒకతె పుస్తకం పట్టుకొని వచ్చింది. దీంట్లో ఇంకో నాలుగు కాగితాలు కలపొచ్చా టీచర్, బొమ్మలేసుకుంటా అని. కలపొచ్చన్నాను. వెనక అట్ట దగ్గర ఆఖరి ముడి ఎక్కడుందో చూపించాను. అక్కడ కోస్తే ఒక్క జుజ్ మాత్రమే వదులవుతుంది, మిగతావి కదలవు. బ్లేడు నువ్వు తేవద్దు, సోమవారం నేనే తెస్తా, సూదీ మైనం కూడా తెస్తా అన్నాను. నల్ల దారం ఉందా, ఎర్రదా అని అడిగింది.