దర్గామిట్ట నుంచి మైపాడు దాకా

నెల్లూరు దర్గామిట్టలో బారాషహీద్ దర్గాను ఆనుకుని స్వర్ణాల చెరువు ఉంది. ఏటా మొహర్రం రోజుల్లో రొట్టెల పండుగ జరిగేది ఇక్కడే. చెరువు నీళ్లలో నిలబడి జనం కోరికకొక రొట్టె అందుకుంటారు: చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె. సంతాన రొట్టె కోసం దిగేవాళ్లు ఏటా ఉంటారు. కడుపు పండినవాళ్లు మరుసటేడు వచ్చి, తాము అందుకున్న చోటే ఇంకొకరికి రొట్టె ఇస్తారు. జిల్లా మొత్తం పెద్దాసుపత్రి అని పిలుచుకునే ప్రభుత్వ వైద్యశాల ఉన్నదీ దర్గామిట్టలోనే. ఈ చెరువు దగ్గర బయలుదేరి ఇందుకూరుపేట మీదుగా మైపాడు సముద్రం దాకా వెళ్లే దారిలో వరి పొలాలు, రొయ్యల గుంటలు, సర్వి తోటలు దాటుతూ నేను ఆలోచించింది ఒక్క ప్రశ్న గురించే. మొక్కి, కోరి కన్న బిడ్డ పుట్టుకలోనే ఏదో లోపంతో వస్తే ఆ ఇంటికి మొట్టమొదట అందవలసింది ఏమిటి? ఆపరేషన్ అనీ, డబ్బు అనీ చాలామంది అంటారు. రెండూ కావలసినవే. అయితే వాటికంటే ముందు అందవలసింది ఇంకొకటి ఉందని నా అభిప్రాయం. అది ఎవరినీ నిందించని, నిజమైన వివరణ. అది తొలి రోజుల్లోనే అందకపోతే మిగతావన్నీ ఆలస్యమవుతాయి.

ఇది ఎక్కడో ఒక ఇంట్లో జరిగే వింత కాదు. పుట్టుక లోపాల వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 2,40,000 మంది శిశువులు నెల తిరక్కుండానే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన దేశంలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, దేశంలో పుట్టే ప్రతి వంద మందిలో ఆరేడుగురికి, అంటే ఏటా 17 లక్షల మందికి ఏదో ఒక లోపం ఉంటుందన్న అంచనాతోనే రూపుదిద్దుకుంది. అందులో పరీక్షించవలసిన పుట్టుక లోపాలు తొమ్మిది: వెన్నుపాము సరిగా మూసుకోకపోవడం, డౌన్ సిండ్రోమ్, మొర్రి, వంకర పాదం, తుంటి జారడం, పుట్టుకతో వచ్చే శుక్లం, చెవుడు, గుండె లోపం, నెలలు నిండని పిల్లల్లో వచ్చే కంటి రెటీనా జబ్బు. ఈ తొమ్మిదింటిలో చాలావాటికి వైద్యం ఉంది. ఆ వైద్యం ఏ వయసులో అందిందన్నదాన్ని బట్టే బిడ్డ బతుకు ఉంటుంది.

ఇక మన భాష దగ్గరికి వద్దాం. చీలిన పెదవిని తెలుగులో గ్రహణం మొర్రి అంటాం. రోగం పేరులోనే నేరం కూడా మోపేశాం. గర్భిణి గ్రహణం వేళ బయటికొచ్చింది, కత్తి పట్టింది, కూర తరిగింది, అందుకే ఇలా అయిందన్న తీర్పు ఆ రెండు మాటల్లో ఉంది. సాక్ష్యం దీనికి పూర్తిగా ఎదురుగా ఉంది. పిండానికి పై పెదవి కలిసిపోయేది నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల. అంగుడి కలిసేది తొమ్మిదో వారం లోపల. నెల తప్పిందన్న సంగతే చాలామంది ఆడవాళ్లకు సరిగా తెలియని రోజులవి. నిండు కడుపుతో చూసిన గ్రహణానికి, ఎన్నో నెలల కిందటే ఏర్పడిపోయిన పెదవిని చీల్చే శక్తి ఎక్కడిది? ఏ ఊళ్లోనైనా గ్రహణం కనిపించేది ఏడాదికి ఏ ఒకటి రెండు సార్లో. మొర్రి పిల్లలు మాత్రం ఈ గ్రహణం నమ్మకమే ఎరగని దేశాల్లోనూ ఏడు వందల మందికి ఒకరు చొప్పున, అన్ని నెలల్లోనూ పుడుతున్నారు. అసలు కారణాలు జన్యువుల్లో ఉన్నాయి. తల్లికి అదుపులో లేని మధుమేహం, పొగాకు, మూర్ఛకు వాడే కొన్ని మందులు, ఫోలిక్ ఆమ్లం కొరత కూడా తోడవుతాయి. చాలా సందర్భాల్లో ఇదీ కారణమని ఒకదాన్ని వేలెత్తి చూపడం వైద్యుడికే సాధ్యం కాదు.

గ్రహణం నాడు ఇంట్లో పడుకుంటే పోయేదేముంది, పెద్దల మాట, విశ్రాంతేగా అని ఒక వాదన ఉంది. నిజమే, పడుకోవడం వల్ల నష్టం లేదు. నష్టం బిడ్డ పుట్టాక మొదలవుతుంది. తప్పు నాదేనని నమ్మిన బాలింత బిడ్డను నలుగురికి చూపించదు. అత్తగారి ఇల్లు పుట్టింటి వైపు తప్పు వెతుకుతుంది. ఆ గొడవలో వారాలు గడిచిపోతాయి. అదే సమయంలో మొర్రి ఉన్న పసికందుకు కావలసింది పాలు. అంగుడి చీలితే బిడ్డ చప్పరించలేదు, పాలు ముక్కులోంచి వస్తాయి. తల్లి పాలు పిండి, బిడ్డ తల ఎత్తి పెట్టి, కొద్దికొద్దిగా ఉగ్గుగిన్నెతో పట్టాలి. మన అమ్మమ్మల ఉగ్గుగిన్నె లాంటి పాత్రనే నేటికీ నవజాత శిశువుల వార్డుల్లో నర్సులు వాడుతున్నారు. ఈ ఒక్క పద్ధతి మొదటి రోజే చూపిస్తే బిడ్డ బరువు పెరిగి, మూడో నెలకు పెదవి ఆపరేషన్‌కు, ఏడాది అటూ ఇటూగా అంగుడి ఆపరేషన్‌కు సిద్ధమవుతుంది. ఎవరూ చూపించకపోతే ఆకలితో చిక్కిపోతుంది. చిక్కిన బిడ్డకు మత్తు ఇవ్వడానికి వైద్యుడు వెనకాడతాడు. గ్రహణం మీది నమ్మకం చేసే అసలు హాని ఇదీ.

మిగతా లోపాలకూ కాలమే కీలకం. వంకర పాదానికి అయోవాలో పనిచేసిన ఇగ్నాసియో పాన్సెటీ చూపిన పద్ధతిలో పెద్ద కోత అక్కరలేదు. పుట్టిన తొలి వారాల్లోనే మొదలుపెట్టి వారానికొకసారి పిండికట్టు మారుస్తూ అయిదారు కట్లలో పాదాన్ని దారికి తెస్తారు. చాలామందికి మడమ వెనుక స్నాయువును చిన్నగా కోసి వదులు చేస్తారు. ఆ తర్వాత మూడు నెలలు రోజంతా, నాలుగైదేళ్ల వయసు దాకా రాత్రిళ్లు ప్రత్యేకమైన బూట్లు తొడగాలి. పాదం మళ్లీ తిరగడానికి ముఖ్య కారణం ఆ బూట్లు మానేయడమే. చెవుడును మొదటి నెలలో పరీక్షించి, మూడో నెలకు నిర్ధారించి, ఆరో నెలకు సాయం మొదలుపెడితే మాట వచ్చే అవకాశం ఎంతో మెరుగవుతుంది. గుండె లోపాలు వెయ్యి మందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఉంటాయి. పసిబిడ్డ కాలికి ఆక్సిజన్ కొలిచే చిన్న క్లిప్పు పెడితే వాటిలో ప్రాణం మీదికి తెచ్చేవి కొన్ని బయటపడతాయి.

వైద్యం ఉచితమే కదా, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఉంది, ఇంకేం కావాలని అడగవచ్చు. ఆ మాటలో నిజం ఉంది. పేదవాడి బిడ్డ గుండెకు ఆపరేషన్ చేయించగలిగిన పథకం అది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం 2021 అక్టోబరులో తెరిచిన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ఈ తీరానికి అందే దూరంలోనే ఉంది. ఎదుగుదల లోపాలున్న పిల్లలకు శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ కేంద్రం నెల్లూరులోనే ఉంది. కానీ మైపాడు, ఇస్కపల్లి, కొత్తకోడూరు వంటి ఊళ్ల లెక్క వేరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, చేతిలో కూలి ఉండదు. వేట మొదలయ్యాక మగవాడు సముద్రం మీద ఉంటాడు. వారం వారం పిండికట్టుకు పసిబిడ్డను ఎత్తుకుని రెండు బస్సులు మారేది బాలింత ఒక్కతే. ఆ ఆరు వారాల దారి ఖర్చు, పోయిన కూలి పథకం లెక్కలోకి రావు. 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైంది. అయితే దానికి వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం కావాలి, ఏ రోజు ఎక్కడికి వెళ్లాలో ఇంటికొచ్చి చెప్పే మనిషి కావాలి. ఆపరేషన్ ఒక్క రోజు పని, దానికి ముందూ వెనకా నడవవలసిన దారి ఏళ్ల తరబడిది. కుటుంబాలు తప్పిపోయేది ఆ దారిలోనే.

కష్టమైన అభ్యంతరం మేనరికం గురించినది. తప్పు ఎవరిదీ కాదంటూనే మేనరికం వద్దనడం మళ్లీ నింద వేయడం కాదా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లిళ్లలో నాలుగో వంతు దాకా దగ్గర బంధువుల మధ్యనే జరుగుతున్నాయి. మేనమామ, అక్క కూతురు తమ జన్యువుల్లో నాలుగో వంతు పంచుకుంటారు. మేనబావ మరదళ్లు ఎనిమిదో వంతు పంచుకుంటారు. దాగి ఉన్న ఒకే లోపం ఇద్దరి వైపు నుంచీ బిడ్డకు చేరే అవకాశం అందువల్ల పెరుగుతుంది. బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో 11 వేలకు పైగా శిశువులను గమనించి 2013లో ప్రచురించిన అధ్యయనం, అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లల మధ్య పెళ్లిళ్లలో లోపాల రేటు నూటికి 3 నుంచి 6కు పెరిగిందని తేల్చింది. రెట్టింపు అనేది చిన్న మాట కాదు. అదే లెక్క ఇంకో సంగతి కూడా చెబుతోంది: నూటికి 94 మంది బిడ్డలు అలాంటి లోపం లేకుండానే పుట్టారు. ఆ లోపం తల్లి ఒక్కదాని నుంచి రాలేదు, ఇద్దరి నుంచీ సమంగా వచ్చింది. పెళ్లికి ముందు చెబితే ఇది జాగ్రత్త, పురిటి మంచం పక్కన చెబితే నింద. చెప్పే వేళ తెలిసి చెప్పాలి.

నివారణ అంతా ఇలాగే ముందుగా చేయవలసిన పని. వెన్నుపాము గొట్టం మూసుకునేది గర్భం ధరించిన 28వ రోజు లోపల. 7 దేశాల్లో 1,817 మంది స్త్రీలపై జరిగి 1991లో వెలువడిన పరిశోధన, అప్పటికే అలాంటి బిడ్డను కన్న తల్లుల్లో ఫోలిక్ ఆమ్లం ఆ లోపం తిరిగి రావడాన్ని 72 శాతం తగ్గించిందని చూపింది. మాత్ర గర్భం నిలవకముందే మొదలవ్వాలి. మూడో నెలలో ఇచ్చే మాత్ర రక్తహీనతకు పనికొస్తుంది కానీ వెన్నుపాముకు అప్పటికే వేళ దాటిపోయి ఉంటుంది. ఇక కడుపులోని బిడ్డ అవయవాలను చూసే టిఫా స్కాన్‌లో ముందే తెలిసిపోతుంది కదా, తర్వాతి గొడవంతా దేనికనే వారున్నారు. స్కాన్‌కు చెవుడు కనిపించదు, చాలా గుండె లోపాలు అంతుపట్టవు. కనిపించినవాటిలోనూ మొర్రి, వంకర పాదం సరిదిద్దగలిగినవే. స్కాన్ ఇవ్వవలసింది సిద్ధపడే సమయం, భయం కాదు.

చివరికి నేను అడిగేది కొత్త భవనాలు కాదు. ఆశా కార్యకర్త కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో బాలింత ఇంటికి వెళ్లాలన్న నియమం ఉంది. ఆ ఆరు రాకల్లో మొదటిదాన్నైనా ఈ పనికి వాడుకుందాం. అంగుడి, పాదం, వెన్ను చూడాలి. లోపం కనిపిస్తే అత్తామామల ముందు, భర్త ముందు, బాలింత వినేలా మూడు మాటలు చెప్పాలి: ఇది ఆమె తప్పు కాదు, దీనికి వైద్యం ఉంది, ఫలానా రోజు ఫలానా చోటికి వెళ్దాం. చదువరులకు ఒక విన్నపం. గ్రహణం మొర్రి అన్న మాటను ఈ రోజు నుంచి వదిలేయండి, ఉత్త మొర్రి అనండి. మీ వీధిలో అలాంటి బిడ్డ పుడితే ఎందుకిలా అయిందని అడగకండి, ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి, తోడు నేను వస్తానని చెప్పండి.