పడేవైపే తిప్పాలి

నలభై అయిదో ఏట ఆడమనిషి సైకిలు కొంటే చుట్టుపక్కలవాళ్ళు మూడు రకాలుగా అనుకుంటారు. ఇంటాయన ఉద్యోగం ఊడిందని కొందరు, డాక్టరు బరువు తగ్గమన్నాడని కొందరు, మతి చలించిందని మిగిలినవాళ్ళు. మా సికింద్రాబాదు కాలనీలో ఈ మూడు వార్తలూ ఒకే సాయంత్రం నా చెవిన పడ్డాయి. నేను నవలలు రాస్తానని తెలిసినవాళ్ళకి మాత్రం మూడోదాని మీదే గురి.

అసలు సంగతి అంత ఘనమైనదేమీ కాదు. పొద్దున్నే అయిదున్నరకి కాలనీ పార్కులో పదిహేనుమంది ఆడవాళ్ళకి యోగాసనాలు నేర్పుతాను. ఇంటికీ పార్కుకీ కిలోమీటరున్నర. ఆ వేళప్పుడు ఆటో దొరకదు. దొరికినా నా తొందర చూసి రెట్టింపు అడుగుతాడు. నడుద్దామంటే కుక్కలు. మావారిని నిద్రలేపి స్కూటరు తియ్యమందామా అంటే, అంత సాహసం ఇరవై ఏళ్ళ కాపురంలో ఎప్పుడూ చెయ్యలేదు. అందుకని సైకిలు.

యోగా నేర్పడం కూడా పనిగట్టుకుని మొదలెట్టింది కాదు. రాసి రాసి మెడ పట్టేసింది. మందులు వాడితే నిద్ర తప్ప ఇంకేమీ రాలేదు. ఎవరో చెబితే యోగా క్లాసుకి వెళ్ళాను. మెడ సర్దుకుంది. ఆ సంతోషంలో ఏడాదిపాటు చదివి డిప్లొమా కూడా పుచ్చుకున్నాను. బి.ఏ.లో చరిత్రా, తెలుగూ చదువుకున్నదాన్ని, వెన్నెముకలో 33 పూసలుంటాయని నలభయ్యో ఏట బట్టీ పట్టాను.

ఇక చూడండి, "మాకూ నేర్పకూడదుటండీ?" అంటూ ఒకరి తరవాత ఒకరు! డబ్బు పుచ్చుకోనన్నాను. ఉచితంగా చెప్పే చదువుకి విలువ తక్కువంటారు గాని, హాజరు మాత్రం ఎక్కువే. జూన్ 21 వచ్చిందంటే మరీను. 2015 నుంచీ ఆ రోజు ప్రపంచమంతటా యోగా దినోత్సవం గదా! ఆ పొద్దున మా పార్కులో అరవైమంది ఉంటారు, కొత్త చాపలతో సహా. 22వ తేదీన మళ్ళీ మేము పదిహేనుమందిమీ, మా పాత దుప్పట్లూ.

మా వాళ్ళు నేర్చుకునే పద్ధతే వేరు. త్రికోణాసనంలో పాలవాడి బాకీ లెక్క చూసుకుంటారు. శవాసనంలో కోడలి సంగతి గుర్తొస్తుంది. కళ్ళు మూసుకోండి అంటే నోళ్ళు తెరుచుకుంటాయి. వాళ్ళకి హుషారు కలిగిద్దామని ఓసారి ఇంద్రాదేవి కథ చెప్పాను. రిగా నగరంలో పుట్టిన ఆ మనిషి 1930ల చివర మైసూరు వచ్చి కృష్ణమాచార్యులుగారిని యోగా నేర్పమని అడిగితే, ఆడదానివి, పైగా విదేశీయురాలివి, నేర్పనన్నారట. మైసూరు మహారాజు కలగజేసుకున్నాకగాని ఒప్పుకోలేదు. ఆవిడే ఆ తరవాత హాలీవుడ్‌లో యోగా స్కూలు పెట్టింది. 102 ఏళ్ళు బతికి 2002లో పోయింది. ఇంత కథా విని, "నూటరెండేళ్ళే! పాపం, ఆవిడ కోడలు ఎలా వేగిందో!" అన్నారు మా వాళ్ళు.

పార్కు వాచ్‌మన్‌కి నా ఆసనాల మీద గౌరవమే గాని, సైకిలు మీద లేదు. "అమ్మా, సైకిల్ లోపటికి తేవద్దని బోర్డున్నది. సదువుకున్నోళ్ళు మీరే గిట్ల జేస్తే ఎట్ల?" అని మొదటిరోజే ఆపేశాడు. అప్పటినుంచీ గేటు బయట గొలుసు వేసి, తాళం చెంగున ముడేసుకుని లోపలికి వెళ్తాను.

నిజానికి సైకిలుతో నాకు పాత బాకీ ఒకటుంది. తెనాలిలో మా సందు చివర అద్దె సైకిళ్ళ కొట్టుండేది. గంటకి రూపాయి. సీటు అందక, కడ్డీ కిందనుంచి కాలు దూర్చి ఓ పక్కకి వేళ్ళాడుతూ తొక్కేదాన్ని. వెనకాల సీటు పట్టుకుని మా బాబాయి పరుగెత్తుకొచ్చేవాడు. ఎడమవైపు ఒరిగిపోతుంటే భయపడి హ్యాండిల్ కుడివైపు తిప్పేదాన్ని. దభీమని పడేదాన్ని. "పడేవైపే తిప్పవే పిచ్చిమొహమా!" అని అరిచేవాడు. పడిపోతున్నవైపే ఎవరైనా తిప్పుకుంటారా? నాకు ఒళ్ళు మండిపోయేది. ఓ రోజు మోకాలు చెక్కుకుపోయాక, విసుగుపుట్టి అలాగే తిప్పి చూశాను. ఏముంది, సైకిలు నిలబడింది! ఒరిగినవైపు చక్రం తిరిగేసరికి అది మళ్ళీ మన కిందకి వచ్చి మనల్ని నిలబెడుతుంది. సైకిలు తొక్కేవాళ్ళందరూ తమకి తెలియకుండానే క్షణక్షణమూ చేసే పని ఇదేనట.

ఆ ముచ్చట ఏడాది సాగింది. 1992లో పెద్దమనిషినయ్యాను. పేరంటం అయిపోయాక మా నాయనమ్మ సైకిలు మాట మళ్ళీ ఎత్తనివ్వలేదు. కొట్టలేదు, తిట్టలేదు. రూపాయి ఇవ్వడం మానేశారు, అంతే. చాలా ఏళ్ళకి ఒకచోట చదివాను. సరిగ్గా ఆ రోజుల్లోనే తమిళనాడులో, పుదుక్కోట్టై జిల్లాలో, అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా వేలాదిమంది ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నారట. కూలిపనులకి వెళ్ళేవాళ్ళు, క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు కూడాను. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ అనే ఆవిడ, సైకిలు తొక్కడం కూడా చదువులో భాగమే అన్నంతగా పూనుకున్నారు. అది చదివినరోజు నాకు సంతోషం ఎంత కలిగిందో అసూయా అంతే కలిగింది.

ఇప్పుడు ఆదివారాలు క్లాసు ఉండదు. తెల్లవారుతుండగా ట్యాంక్‌బండ్ మీదికి పోతాను. పదహారో శతాబ్దంలో, ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టిన చెరువుగట్టు. ఆ వేళకి బస్సుల రొద ఉండదు. రుద్రమదేవి విగ్రహం దగ్గర ఒకసారి, మొల్ల దగ్గర ఒకసారి ఆగి మంచినీళ్ళు తాగుతాను. నీళ్ళ మధ్య బుద్ధుడు కనిపిస్తూ ఉంటాడు. ఆయన్ని అక్కడ నిలబెట్టిందీ 1992లోనే! నా సైకిలు ఆగిన ఏడాదే ఆయన నిలబడ్డాడన్నమాట. గట్టుమీద గాలి మొహానికి కొడుతుంటే పన్నెండేళ్ళ పిల్లనైపోతాను. మోకాళ్ళు మాత్రం ఒప్పుకోవు.

సైకిలువాళ్ళకోసమని 2023లో అవుటర్ రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల బాట కూడా వేశారు. పైన సౌరవిద్యుత్తు పలకల కప్పు. ఎండా తగలదు, లారీల భయమూ లేదు. వెళ్ళి తొక్కి వచ్చాను, ఎంత హాయిగా ఉందో! మా ఇంటినుంచి అక్కడిదాకా సైకిల్ని తమ్ముడి కారులో ఎక్కించుకుని వెళ్ళవలసి వచ్చిందన్నదొక్కటే చిన్న లోటు.

ఇంతవరకూ సరదాగా చెప్పుకొచ్చాను. ఇప్పుడు చెప్పబోయేది చాలా రోజులు ఎవరితోనూ అనలేదు.

మా క్లాసులో అరవై దాటిన పిన్నిగారొకరున్నారు. అందరికంటే ముందొచ్చి మొదటి వరసలో దుప్పటి పరుచుకుంటారు. నేను పెట్టిన నియమం ఏమిటంటే, అందరూ పరగడుపున రావాలి, మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు. పుస్తకాల్లో ఉన్నదే. "ఒంట్లో బాగోనివాళ్ళుంటే చెప్పండి" అని మొదటిరోజు గుంపులో ఓ మాట అనేసి ఊరుకున్నాను. ఒక్కొక్కరినీ కూచోబెట్టి అడగలేదు. ఎందుకు అడగలేదో నాకు తెలుసు. అడిగితే చెబుతారు. చెబితే నాకు తెలియని జబ్బుల పేర్లు వినాలి. అప్పుడీ బి.ఏ. టీచరమ్మ బండారం బయటపడుతుంది.

కిందటి చలికాలంలో ఒకరోజు సూర్యనమస్కారాలు చేయిస్తున్నాను. పిన్నిగారు మధ్యలో ఆగిపోయారు. అంత చలిలోనూ ముఖమంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. "ఏమైందండీ పిన్నిగారూ?" అంటే, నేనెవరో తెలియనట్టు చూసి, "మావాడు బడినుంచి వచ్చాడా?" అన్నారు. ఆవిడ కొడుక్కి నలభై ఏళ్ళు!

నాకు కాళ్ళు చచ్చుబడ్డాయి. మా వాళ్ళలో రిటైరయిన నర్సు ఒకావిడ ఉన్నారు. ఆవిడ ముందుకొచ్చి చెయ్యి పట్టుకు చూసి, "ఈవిడకి షుగరుందా? మాత్ర వేసుకుని తినకుండా వచ్చినట్టున్నారు. షుగరు పడిపోయింది. పంచదార కావాలి, తొందరగా!" అన్నారు. పదిహేనుమంది ఆడవాళ్ళం. నా నియమం పుణ్యమా అని ఒక్కరి దగ్గరా బిస్కెట్టు ముక్కైనా లేదు!

ఒకరు వాళ్ళబ్బాయికి ఫోను చేస్తున్నారు, ఇంకొకరు 108కి. నేను గేటుకి పరుగెత్తాను. తాళంచెవి బొక్కలో దూరడానికి ఒక యుగం పట్టింది. రోడ్డు మలుపు దగ్గర చాయ్ బండి ఉంది. నా మొహం చూసి అతను ఏమీ అడక్కుండా పంచదార డబ్బా చేతిలో పెట్టాడు. ఒక చేత్తో డబ్బా, ఒక చేత్తో హ్యాండిల్. మలుపులో ఇసక మీద చక్రం జారింది. పడిపోయాననే అనుకున్నాను. నా చెయ్యి మాత్రం పడేవైపే తిరిగింది. బాబాయి పోయి ఆరేళ్ళయింది. ఆ అరుపు నా చెవుల్లో వినిపించిందంటే నమ్మండి. గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి. "సీదా పో అమ్మా, సీదా పో!" అని వాచ్‌మన్ అరుస్తున్నాడు.

మింగగలుగుతున్నారని చూసుకుని, నర్సుగారు మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి మెల్లిగా తాగించారు. పావుగంట గడిచింది. అంత పెద్ద పావుగంట నా జన్మలో చూడలేదు. పిన్నిగారు చుట్టూ చూసి, "ఇదేమిటమ్మాయ్, అందరూ ఇలా మీద పడ్డారు? నావింకా ఆరు నమస్కారాలే అయ్యాయి" అన్నారు. నేను భోరుమన్నాను.

కొడుకు వచ్చి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ప్రమాదమేమీ లేదన్నారు. నాకు మాత్రం రెండు రాత్రులు కన్ను అంటుకోలేదు. నర్సుగారు ఆ రోజు రాకపోయి ఉంటే? ఇక మానేస్తానని మావారితో చెప్పాను. ఆయన పేపరు దించి, "నువ్వు మానేస్తే ఆవిడ షుగరు మానేస్తుందా?" అన్నారు. మామూలుగా అయితే ఇలాంటి మాటకి దెబ్బలాడేదాన్ని. ఆ రోజు జవాబు దొరకలేదు.

మూడోరోజు పిన్నిగారిని చూడబోయాను. "ఎనిమిదేళ్ళుగా షుగరుంటే నాకొక్క మాట చెప్పలేదేమండీ?" అన్నాను. నిష్ఠూరమాడదామనే వెళ్ళాను. ఆవిడ కొంగు సర్దుకుని, "చెబితే ఓ పక్కన కూచోమంటావేమో అనుకున్నానమ్మాయ్. ఇంట్లో ఎలాగూ పక్కనే కూచోబెట్టారు గదా!" అన్నారు.

ఏం మాట్లాడను? చెబితే తన చోటు పోతుందని ఆవిడా, అడిగితే నా పరువు పోతుందని నేనూ! ఇద్దరం ఒకే భయంతో హ్యాండిల్ అవతలివైపుకి తిప్పుకున్నాం. రోజూ వృక్షాసనంలో ఒంటికాలి మీద నిలబెట్టి, తూకం తూకం అని ఊదరగొట్టే టీచరుగారికి ఈ సంగతి సైకిలు చెప్పాలా!

ఆ సోమవారం నోటుపుస్తకం పట్టుకుని కూచున్నాను. ఒక్కొక్కరినీ విడిగా అడిగాను. రక్తపోటు అయిదుగురికి, షుగరు ముగ్గురికి, మోకాలు మార్పించుకున్నవారు ఒకరు. ఇంకొకావిడకి కంట్లో నీటికాసులు! ఆవిడకి ఆ వారంలోనే తల కిందికి పెట్టే ఆసనం నేర్పాలనుకున్నాను నేను! వాళ్ళెవరూ చేయకూడనిదే అది. తెలిసినదానికి జవాబు చెప్పాను. తెలియనిదానికి "నాకు తెలియదండీ, డాక్టర్ని అడిగి రండి" అన్నాను. ఆకాశం విరిగి మీద పడలేదు. క్లాసుకి రావడం ఎవరూ మానలేదు. పిన్నిగారి డాక్టరు మాత్ర వేళ మార్చి, వచ్చేముందు కొంచెం ఏదైనా తినమన్నారు. మాత్రని మాత్రం తమంతట తాము మానకూడదని గట్టిగా చెప్పారట. ఇప్పుడావిడ జాకెట్టులో దాచుకునే చిల్లర సంచిలో బెల్లం ముక్క ఉంటుంది. వాచ్‌మన్ గదిలో ఒక పంచదార డబ్బా ఉంటుంది. సైకిల్ని మాత్రం ఇప్పటికీ లోపలికి రానివ్వడు. "ఆ దినం ముచ్చట వేరే అమ్మా" అంటాడు.

మొన్న క్లాసయ్యాక పిన్నిగారు నా సైకిలు దగ్గర ఆగిపోయారు. "దీన్ని నేను జన్మలో ముట్టుకుని ఎరగను. ఒక్కసారి పట్టుకోనా?" అన్నారు. ఎక్కించే ధైర్యం నాకూ లేదు, ఎక్కే ఉద్దేశం ఆవిడకీ లేదు. పక్కన నడుస్తూ తోసుకుంటూ వచ్చారు. పదడుగులకోసారి సైకిలు ఆవిడమీదికి ఒరుగుతోంది. "ఇదేమిటే, ఇలా మీదికొస్తుంది!" అని అవతలికి నెడుతున్నారు. "నెట్టకండి పిన్నిగారూ, అది ఒరిగినవైపే హ్యాండిల్ కాస్త తిప్పండి" అన్నాను. సందు మలుపు తిరిగేసరికి పట్టు దొరికింది. అక్కణ్ణించి వాళ్ళ గుమ్మం దాకా, వద్దంటున్నా వినకుండా, బెల్లు కొడుతూనే ఉన్నారు.

ఈపాటికి కాలనీలో నాలుగో వార్త పుట్టే ఉంటుంది.