మక్తాన్ తీరమున శంకునత్త

ఫిలిప్పీన్సులో సెబూ నగరమున కెదురుగా నున్న మక్తాన్ ద్వీపమున, 1521లో మెగలాన్ నావికుడు నేలకొరిగిన తీరమునకు చేరువనే, గుల్లలతో హారములును దీపపు తొడుగులును చేసి విదేశములకు పంపెడి కుటుంబములు పెక్కు గలవు. అట్టి యొక యింటి పెరటిలో, ఉడికించి మాంసము తీసివేసిన గుల్లల రాసుల నడుమ, సముద్రజలముతో నింపిన గాజుతొట్టెలో ప్రాణముతో నున్న కోనస్ జియోగ్రాఫస్ అను శంకునత్తను, గుల్లలకై మునుగుటయే వృత్తిగా బ్రతికిన ఒక వృద్ధుడు నాకు చూపెను.

దాని గుల్ల పొడవు ఇంచుమించు 12 సెంటీమీటర్లు. పెంకు మిక్కిలి పలుచన. పగలెల్ల ఇసుకలో నొదిగియున్న ఆ జీవి, చీకటిపడి చిన్న లాంతరు మాత్రమే వెలుగుచుండగా, ముందుగా శ్వాసనాళమును పైకెత్తి నీటిలోని వాసన పసికట్టెను. పిదప నోటిని గరాటువలె వెడల్పుగా విప్పి, మూలనున్న రెండు చిఱుచేపల వైపు మెల్లమెల్లగా సాగెను. అవి పాఱిపోవవేమి యని నాకు విస్మయము కలిగెను. ఈ నత్త ఇన్సులిన్‌ను నీటిలోనికి వదలుననియు, అది చేపల ఇన్సులిన్‌ను పోలియుండుటచేత వాని రక్తమున చక్కెర తఱిగి అవి సోలిపోవుననియు 2015లో పరిశోధకులు వెల్లడించిరి. చేపలు లోనికి జారిన పిమ్మట బల్లెమువంటి బోలుపంటిని గ్రుచ్చి విషమెక్కించును. ఒక పంటిని ఒక్క పర్యాయమే వాడును. ఆ పోటు తగిలిన మనుష్యులును ఊపిరి కండరములు చచ్చుపడి మరణించియున్నారు. విరుగుడు లేదు, విషము దిగువఱకు యంత్రముతో శ్వాసను నిలుపవలసినదే.

అయినను నా మనస్సును లోగొన్నది ఈ భయము గాదు. గుల్లకై ఉడికించి పాఱవేయుచున్న ఆ మాంసమునందే అమూల్యమైన సంపద యున్నది. 1970వ దశకమున బాల్డోమెరో ఒలివేరా, లూర్దెస్ క్రూజ్ అను శాస్త్రజ్ఞులు మనీలాలో ఈ నత్త విషమునే శోధించిరి. ఒక్కొక్క జాతి విషమున నూఱుకు మించిన పెప్టైడులు గలవని క్రమముగా తేలినది. దీని జ్ఞాతియైన కోనస్ మాగస్ విషములో దొరకిన 25 అమైనో ఆమ్లముల పెప్టైడు, కృత్రిమముగా నిర్మింపబడి, జికోనోటైడ్ అను పేర, ఇతర మందులకు లొంగని దారుణమైన బాధ నడచుటకు వెన్నుపాము చుట్టునుండు ద్రవములోనికి ఎక్కించు ఔషధముగా 2004లో అమెరికాలో అనుమతి బడసెను.

ఈ సంగతి నేను వివరింపగా ఆ వృద్ధుడు తల యూచి, "తెలియునయ్యా; ప్రాణముతో చిక్కినవానిని శాస్త్రజ్ఞులకై వేఱుగా నుంచెదము. కాని నా చిన్ననాట మోకాటిలోతున దొరకిన జాతులకొఱకు నా కొడుకులు రాత్రులు దూరపు దిబ్బలకు పోవలసివచ్చుచున్నది. దగ్గఱి పగడపు దిబ్బలను చేపలకై పేల్చిన డైనమైట్లు ముక్కలు చేసినవి" అనెను.