తిరిగి రాని పుస్తకం

జనవరి 6
విజయవాడ పుస్తక మహోత్సవం నుంచి గుడివాడ, భీమవరం మీదుగా రైల్లో తణుకు. సంచిలో నాలుగు పుస్తకాలు. ముందు తీసింది అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’. కైకలూరు వచ్చేసరికి ముప్పయ్యో పేజీలో ఉన్నాను. పుస్తకంలో కొల్లేరు, కిటికీలో చేపల చెరువుల గట్లు. ఉప్పుటేరు వంతెన మీద రైలు చప్పుడు మారితే తలెత్తి చూశాను. కొల్లేటి నీళ్లు సముద్రానికి చేరే దారి ఈ ఏరే.

జనవరి 15
పండక్కి బావ వచ్చాడు. మేనత్త కొడుకు, కైకలూరు దగ్గర చెరువులు. బల్ల మీద పుస్తకం తిరగేసి, "ఇందులో మమ్మల్నేమైనా తిట్టారేట్రా?" అన్నాడు.
"చదివి నువ్వే చెప్పు బావా."
కొల్లేరు 1999లో అభయారణ్యమైన సంగతీ, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిన సంగతీ నేను చదివి తెలుసుకున్నవి. 2006లో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టేస్తున్నప్పుడు బావ అక్కడే నిలబడి చూశాడు. వాటిలో వాళ్ల నాన్న చెరువు కూడా ఉంది. అలాంటి మనిషికి ఈ నవల ఇవ్వొచ్చా అని కాసేపు ఆలోచించాను. ఇచ్చేశాను.

జనవరి 22
తాడేపల్లిగూడెం వెళ్లే బస్సులో పాత సహోద్యోగి కనిపించాడు. "మంచి పుస్తకమేదైనా చెప్పండి. పెద్దది వద్దండి, నిద్రొచ్చేస్తాది." తిలక్ కథలు చెప్పాను. "ఆయన కవి కదండీ!" మన వాళ్లతో వచ్చిన చిక్కే ఇది. మండపాకలో పుట్టి, తణుకులో బతికి, 1966లో పోయిన దేవరకొండ బాలగంగాధర తిలక్ ఈ ఊళ్లో అందరికీ ‘అమృతం కురిసిన రాత్రి’ మనిషే. ఆ పుస్తకం అచ్చయి అకాడెమీ బహుమతి తెచ్చుకుంది ఆయన పోయాకే. కథల దాకా వెళ్లినవాళ్లు తక్కువ. "‘నల్లజర్ల రోడ్డు’తో మొదలెట్టండి, గూడెంలో దిగేలోగా అయిపోతుంది" అన్నాను. రాత్రి, అడవి దారి, ఆగిపోయిన కారు, పాము. అక్కడితో ఆపేశాను. ఎవరు ధైర్యస్తులో, ఎవరు పిరికివాళ్లో కథే చెప్పాలి.

ఫిబ్రవరి 1
ఎదురింటి పిన్నిగారికి ‘నిర్జన వారధి’. కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ, అచ్చయింది 2012లో. ఆవిడకప్పుడు తొంభై దాటాయి. చిన్నతనంలోనే వైధవ్యం, మళ్లీ పెళ్లి, కమ్యూనిస్టు పార్టీ, అజ్ఞాతవాసం, భర్త విడిచిపెట్టడం, కన్నబిడ్డలిద్దరూ ముందే పోవడం. 2018లో వందేళ్లు నిండాకే వెళ్లిపోయారు. ఇదంతా ముందే చెబితే "ఏడుపు పుస్తకం నాకెందుకు నాయనా" అంటారని, "కాకినాడలో హాస్టల్లో పనిచేసి సొంత కాళ్ల మీద నిలబడ్డావిడ" అని మాత్రం చెప్పాను.

ఫిబ్రవరి 5
నాలుగు రోజుల్లో తిరిగొచ్చింది. పిన్నిగారి మాట: "అంత పడి కూడా గొంతు పెంచలేదు చూడు." నేను నాలుగు పేరాలు రాసినా ఇంతకంటే చెప్పలేను.

ఫిబ్రవరి 16
ఇవాళ ఓటమి. డిగ్రీ చదివే మేనల్లుడికి పోయిన నెల ‘చివరకు మిగిలేది’ ఇచ్చాను. బుచ్చిబాబుది మన ఏలూరే, చదివి తీరాలి అంటూ ఉపన్యాసం కూడా ఇచ్చాను. పుస్తకం తిరిగొచ్చింది. నలభై ఒకటో పేజీలో బస్సు టిక్కెట్టు. "ఏమీ జరగట్లేదు మావయ్యా." వాడి తప్పేం లేదు. ఇరవై ఏళ్లప్పుడు నేనూ ఆ నవల్లోని దయానిధిని సగంలో వదిలేసినవాణ్ణే. నలభై దాటాక మళ్లీ పట్టుకున్నాను. ఊరి అభిమానంతో పుస్తకం ఇవ్వకూడదు. వాడికిప్పుడు ‘ఏడు తరాలు’ ఇచ్చాను. ‘రూట్స్’కి సహవాసి తెలుగు. రాత్రి ఒంటిగంటకి వాడి గదిలో దీపం వెలుగుతోందని చెల్లెలు ఫోన్ చేసి నన్ను తిట్టింది.

ఫిబ్రవరి 24
గ్రంథాలయంలో పాత నవల తీసుకున్నాను. వెనక అట్టకి అంటించిన తేదీల కాగితం చూడటం అలవాటు. పదకొండేళ్ల పాటు ఒక్క ముద్రా లేదు. ఆ తర్వాత రెండు నెలల్లో ఆరు ముద్రలు. ఎవరో ఒకరు చదివి, పక్కవాళ్లకి చెప్పి ఉంటారు. భీమవరం పక్కన కుముదవల్లిలో 1897లోనే గ్రంథాలయం పెట్టుకున్న ప్రాంతం మనది. పుస్తకం అల్మరాలో ఉంటే చాలదు, ఫలానా మనిషికి ఫలానాది అని చెప్పే నోరు కూడా కావాలి.

మార్చి 3
బావ ఫోన్. "పుస్తకం అయిపోయిందిరా."
"ఎలా ఉంది?"
కాసేపు మాట లేదు. "మా తాత చెప్పేవాడే, అలాగే ఉంది. మేం అబద్ధాలనుకునేవాళ్లం." ఇంకాసేపయ్యాక: "చెరువుల సంగతి కూడా ఉందిలే. కొన్ని ఒప్పుకోను. కొన్ని నిజమే."
చెరువు గట్టు మీద, మేత బస్తాల పక్కన కూర్చుని చదివాడట. పేజీల్లో తవుడు పడిందట, ఏమీ అనుకోవద్దన్నాడు.
"మావాడికి తెలుగు చదవడం రాదు కదా, ఏం చేద్దాం?"
ఇంగ్లీషులో వసంత కన్నబిరాన్ అనువాదం ఉంది, 2020లో వచ్చింది. చెప్పాను. తెప్పించమన్నాడు.

మార్చి 9
వాళ్లబ్బాయికి ఇంగ్లీషుది, నాకు తెలుగుది ఇంకో ప్రతి, రెండింటికీ డబ్బు కట్టాను. తవుడు పడిన ప్రతి బావ దగ్గరే ఉంది. అడగలేదు.