ఎలుగు నడిచే దారిలో

ఎలుగుబంటి అనగానే ఉద్దానములో పుట్టినవారికి జీడితోటలు జ్ఞాపకము వస్తాయి. మా చిన్నతనములో చీకటి పడ్డాక తోటకు వెళ్ళవలసివస్తే పెద్దలు నలుగురు కలిసి, దీపము పట్టుకొని, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్ళేవారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలములో ఎలుగు దాడిలో ఒకరు ప్రాణము కోల్పోయారు, పలువురు గాయపడ్డారు. పట్టుబడిన తరువాత ఆ జంతువు కూడా చనిపోయింది. ఆ భయము మనసులో ఉండగానే, మరుసటి సంవత్సరము ఆగస్టులో అమెరికాలో ఎలుగులు తిరిగే అడవిలో నడిచే అవకాశము మా దంపతులకు కలిగింది.

మా బావమరిది కుటుంబము నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఉంటున్నది. తెల్లవారుజామునే కారులో బయలుదేరి గ్రేట్ స్మోకీ పర్వతముల జాతీయ వనము చేరుకున్నాము. అక్కడి న్యూఫౌండ్ గ్యాప్ అనే కనుమ 5,046 అడుగుల ఎత్తున ఉన్నది. 1940లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఈ వనమును అంకితము చేసినది ఈ చోటనే. జార్జియా మొదలు మెయిన్ వరకు 14 రాష్ట్రముల మీదుగా సుమారు 3,500 కిలోమీటర్లు సాగే అప్పలాచియన్ కాలిబాట ఈ కనుమ మీదుగానే పోతుంది. మొత్తము నడిచేవారికి అయిదారు నెలలు పడుతుంది. మేము తలపెట్టినది చార్లీస్ బనియన్ అనే రాతి కొన వరకు, నాలుగు మైళ్ళు మాత్రమే.

దారి అంతా రాళ్ళు, చెట్ల వేళ్ళు. మా మోకాళ్ళు మొదటి మైలులోనే మొరపెట్టాయి. మూడు మైళ్ళ దగ్గర, ఐస్‌వాటర్ స్ప్రింగ్ అనే చోట, బాటసారులు రాత్రి తలదాచుకొనే ఆశ్రయము ఉన్నది. అక్కడ ఎత్తుగా ఉక్కు తీగలు కట్టి ఉన్నాయి. రాత్రి బస చేసేవారు తిండి సంచులను వాటికి వ్రేలాడదీయాలట. ఈ వనములో దాదాపు 1,900 నల్ల ఎలుగులు ఉన్నాయని మా బావమరిది అప్పుడు చెప్పాడు. ముందే చెప్పి ఉంటే మేము కారు దిగేవారము కాము!

కొంచెము ముందుకు పోయి, తిండి సంచిని రాతిమీద పెట్టి కూర్చున్నాము. అందులో మా యింటివారు చేసిన చెక్కలు, నాలుగు అరటిపండ్లు. ఇంతలో క్రింది పొదలు కదిలాయి. నల్లగా నిగనిగలాడుతూ ఒక ఎలుగు తల పైకెత్తింది. దాని వెనుక రెండు పిల్లలు. మాకు యాభై అడుగుల దూరము కూడా లేదు. 150 అడుగులలోపుకు వెళ్ళకూడదని అక్కడి చట్టము. అదే మా దగ్గరకు వస్తే ఏమి చేయాలి?

బడిలో చదివిన ఈసపు కథే మాకు తట్టింది: ఒకడు చెట్టెక్కాడు, మరొకడు ఊపిరి బిగబట్టి చచ్చినట్టు పడుకున్నాడు. కాని నల్ల ఎలుగు మనకంటే వేగముగా చెట్టెక్కుతుంది. దాని ముందు చచ్చినట్టు పడుకోవడమూ మంచిది కాదట. పరుగెత్తబోయిన మమ్మును పన్నెండేళ్ళ మేనల్లుడు ఆపాడు. "మామయ్యా, పరుగెత్తకండి. దాన్ని చూస్తూనే మెల్లగా వెనక్కి నడవండి."

మా యింటివారు అరటిపండు తీసి విసరబోయారు. పిల్లవాడు చేయి పట్టుకున్నాడు. "వద్దు అత్తయ్యా! మన తిండి రుచి మరిగితే అది మళ్ళీ మళ్ళీ మనుషుల దగ్గరకు వస్తుంది. అప్పుడు దాన్ని చంపేస్తారు."

సంచి తీసుకొని, అందరము ఒకచోట చేరి వెనక్కి నడిచాము. తల్లి రెండడుగులు ముందుకు వేసింది. మేము నిలబడి, చేతులు పైకెత్తి, "పో! పో!" అని తెలుగులోనే కేకలు వేశాము. దానికి అర్థమైనట్టే ఉన్నది. ఒక క్షణము చూసి, పిల్లలను వెంటబెట్టుకొని బెర్రీ పొదల మధ్యకు వెళ్ళిపోయింది. వేసవిలో దాని ఆహారము ఎక్కువగా ఆ పండ్లే. మన ఉద్దానపు ఎలుగు వేరు జాతి. చెదలు, పండ్లు తింటుంది గాని, హఠాత్తుగా ఎదురుపడితే మీద పడుతుంది. కాబట్టి ఇక్కడి ఉపాయమే అక్కడా చాలునని ఎవరూ అనుకోవద్దు. చప్పుడు చేస్తూ పదిమందితో వెళ్ళే మన పెద్దల పద్ధతే అక్కడ మేలు.

రాతి కొన చూడకుండానే తిరిగి వచ్చాము. కారు దగ్గర చెక్కలు పంచుకుంటుండగా మా యింటివారు, "ఆకలిగా ఉన్నదేమో అనుకున్నానండీ" అన్నారు. మంచి మనసుతో చాపిన చేయే ఆ పిల్లలకు తల్లిని లేకుండా చేసి ఉండేది. సంవత్సరాల తరబడి ఇవ్వమనే బోధించిన మాకు, ఇవ్వకుండా ఆగడము కూడా ప్రేమేనని ఆ పన్నెండేళ్ళ పిల్లవాడు నేర్పాడు.