ఒట్టి కత్తెర

మెదక్ జిల్లాలో శంకరంపేటలు రెండు. అల్లాదుర్గం వైపుది పెద్దది, రామాయంపేట వైపుది చిన్నది. సర్కారు కాగితాల్లో వాటికి ‘ఎ’ అని, ‘ఆర్’ అని తోకలుంటాయి. పాపన్నపేట సంస్థానాన్ని ఏలిన రాణి శంకరమ్మ పేరు మీదే ఆ పేరు వచ్చిందంటారు. మాది పెద్దది. నాయిన అక్కడ దర్జీ.

చిన్నప్పుడు ఆయన కత్తెర చేతికి దొరికితే గాలిని కత్తిరించేవాణ్ణి. ఆ చప్పుడు భలే ఉండేది. వెంటనే లోపలి నుంచి కేక: “ఒట్టి కత్తెర ఆడియ్యకు బిడ్డా, ఇంట్ల కొట్లాటైతది!” మా ఇంట్లో కొట్లాటకు కత్తెర సాయం ఎప్పుడూ అవసరపడలేదు, అది వేరే సంగతి. ఆ కత్తెరతో కాగితం కోస్తే మాత్రం నాయిన మొహం మాడిపోయేది. “అలుగుతది” అనేవాడు. కాగితం కోస్తే పదును పోతుందని నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత. పదును పోతుందంటే నేను వినేవాణ్ణి కాదేమో. అలుగుతుందంటే భయపడ్డాను.

దసరా నాడు మిషనుకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. ముందురోజు సాయంత్రం షటిల్ విప్పి, అందులో చిక్కుకున్న దారపు పోగులు తీసి, చుక్కచుక్కగా నూనె పోసేవాడు. ఆ ఒక్క రోజు మిషను తొక్కేవాడు కాదు. జమ్మి చెట్టు దగ్గర్నుంచి తెచ్చిన ‘బంగారం’ పెద్దల చేతుల్లో పెట్టి, మొక్కి, మిగిలిన ఆకును గల్లాపెట్టెలో వేసేవాడు. పాండవులు ఏడాదిపాటు ఆయుధాలు దాచింది ఆ చెట్టు మీదే కదా. ఇప్పుడనిపిస్తుంది, ఆయుధపూజ అంటే ఏడాదికోసారి తప్పనిసరిగా జరిగే సర్వీసింగని. మర్నాడు మిషను మెత్తగా పరుగెత్తేది. దానితోపాటు నాయిన మనసూ. దేవత కరుణా, నూనె మహిమా అని ఆయన ఎప్పుడూ లెక్క తీయలేదు.

అలాంటి లెక్క తీసినవాళ్లూ ఉన్నారు. 2010లో జర్మనీలో కొందరు మనస్తత్వ పరిశోధకులు గోల్ఫ్ ఆడేవాళ్ల చేతికి బంతినిచ్చి, ఇది అచ్చొచ్చిన బంతి అని చెప్పి చూశారు. ఆ మాట విన్నవాళ్లే ఎక్కువసార్లు గుంటలో వేశారట. చదివి మురిసిపోయాను. 2014లో అమెరికాలో మరికొందరు ఇంకా ఎక్కువ మందితో అదే చేసి చూస్తే, ఏ తేడా కనబడలేదు. నాకేం ఆశ్చర్యం లేదు. ఎవరో అప్పటికప్పుడు చేతిలో పెట్టి, ఒక్క మాట చెప్పిన బంతి అది. దాంతో ముప్పై ఏళ్లు కాపురం చేసిందెవరు?

అయితే ఈ నమ్మకానికి ఇంకో మొహం ఉంది. ఒకసారి బడులు తెరిచే ముందు, యూనిఫాంలు గుట్టలుగా పడున్నప్పుడు, నాయిన కత్తెర కనబడలేదు. పక్క దుకాణం నుంచి తెచ్చిన కత్తెరతో రెండు లాగులు కోసి, ఒకటి పాడుచేసి, పక్కన పెట్టేశాడు. “చెయ్యి ఆడ్తలేదే” అన్నాడు. అమ్మకు ఒళ్లు మండింది. “కత్తెర కుడ్తదా, నువ్వు కుడ్తవా?” ఆ ప్రశ్నకు ఆయన జవాబు చెప్పలేదు. రెండో రోజు మాపటికి గుడ్డపేలికల మూటలో కత్తెర దొరికింది. ఆ రాత్రి పన్నెండు దాకా మిషను చప్పుడే.

నవ్వడానికి నాకు అర్హత లేదు. కవి షిల్లర్ బల్ల సొరుగులో కుళ్లిన ఆపిల్ పళ్లు దాచుకునేవాడని, ఆ వాసన లేకపోతే ఆయనకు కలం సాగేది కాదని గోథే చెప్పాడు. నావి కొలతల పుస్తకాలు. నాయిన వాడి పారేసిన వాటిలో ఒకవైపు “చాతీ 36, నడుము 32” అని ఉంటుంది, రెండోవైపు ఖాళీ. నేను రాసిందంతా ఆ ఖాళీలోనే. ఒకరు అట్టకు బంగారు అంచున్న నోటుబుక్కు బహుమతిగా ఇచ్చారు. మొదటి పేజీలో నా పేరు రాశాను, అంతే. ఆ తెల్లని కాగితం ముందు కూర్చుంటే గొప్పగా రాయాలనిపించి, ఒక్క వాక్యమూ రాదు. కొలతల పుస్తకం నన్నేమీ అడగదు. ఎవరి నడుము వెనకో చెత్తగా రాసుకున్నా అడిగేవాడు లేడు. ఆ ధైర్యంలోనే ఎప్పుడో ఒక మంచి వాక్యం పడుతుంది. నమ్మకం అని నేను పిలుచుకునేది బహుశా ఈ భయం లేకపోవడాన్నే.

ఆ కొలతల పుస్తకాలు ఇంకా మూడే మిగిలాయి. అందుకని ఈమధ్య అక్షరాలు చిన్నగా రాస్తున్నాను.

నాయిన కత్తెర ఇప్పుడు నా బల్ల మీద ఉంది. మొన్న పోస్టులో వచ్చిన కవరు కత్తిరించాల్సి వచ్చి, దాని మీదికి చెయ్యి వెళ్లింది, ఆగింది. బజారుకు పోయి ప్లాస్టిక్ పిడి కత్తెర ఒకటి కొనుక్కొచ్చాను.